జీరా ఉచిత ప్లాను: ఎనిమిది మంది బెజవాడ టీముకు ఎంతవరకు పనికొస్తుంది?

బెంజి సర్కిల్ చుట్టుపక్కల మేడ మీద గదుల్లో ఆరుగురు, ఎనిమిది మందితో నడిచే సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు క్లయింట్లు ఎక్కడో ఉండరు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ షాపు, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు, వన్‌టౌన్‌లో హోల్‌సేల్ వ్యాపారం. పని చెప్పేది ఫోన్లో, మార్చేది వాట్సాప్‌లో, "ఏమైంది బాబూ" అని అడిగేది రాత్రి తొమ్మిదింటికి. ఇలాంటి టీము, పనిని ముక్కలుగా చేసి చూపించే ఎజైల్ పద్ధతికి మారదామనుకోగానే చేసే మొదటి పని, ఏ పని ఎక్కడిదాకా వచ్చిందో రాసుకునే జీరా అనే సాఫ్ట్‌వేర్‌లో ఉచిత ఖాతా తెరవడం. ఈ సమీక్ష వాళ్ల కోసం.

మార్కులు ముందే చెప్పేస్తే, ఐదుకు నాలుగు. అది కూడా తొలి రోజే సెట్టింగులు మార్చుకున్నవాళ్లకి. ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తే రెండుకు మించి రావు. కారణం ఒక్కటే: జీరా అన్నీ రాసుకుంటుంది, దేన్నీ ఆపదు. ఎజైల్‌లో సగం పని ఆపడమే.

పేరు చూసి జీలకర్ర అనుకోవద్దు. గాడ్జిల్లాకి జపాన్ వాళ్ల పేరు గోజిరా, అందులో తోక ముక్క ఇది. సిడ్నీకి చెందిన అట్లాసియన్ కంపెనీ 2002లో దీన్ని తెచ్చింది బగ్గులు నమోదు చేసుకోవడానికి. స్ప్రింటులు (గడువు పెట్టుకుని చేసే పని విడతలు), బోర్డులు దీనికి పుట్టుకతో వచ్చినవి కావు. గ్రీన్‌హాపర్ అనే అదనపు సరుకును 2009లో కొని కలుపుకున్నాక వచ్చాయి. లోపల ఇప్పటికీ అది ఒక చిట్టా పుస్తకమే అని గుర్తుంచుకుంటే దాని తిక్కలు సగం అర్థమవుతాయి.

ఎజైల్ సంగతి కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని నాలుగు విలువలు రాసుకున్నారు, పన్నెండు సూత్రాలు వాటికి తోడయ్యాయి. సారాంశం ఇంతే: ఏడాది పని ఒకేసారి రాసి ఒకేసారి అప్పగించకుండా, వాడుకోగలిగే ముక్కగా కొంచెం కొంచెం ఇచ్చి, చూపించి, చెప్పింది విని, తర్వాతి ముక్క చేయడం. దానికి ఎక్కువమంది వాడే పద్ధతి స్క్రమ్. పది మందికి మించని టీము, నెలకు మించని స్ప్రింటు, రోజూ 15 నిమిషాల కలయిక, చివర చేసిన పని చూపించే రివ్యూ, ఆ తర్వాత పని తీరు గురించి మాట్లాడుకునే రెట్రో. నియమాల పుస్తకం 2020 కూర్పు మొత్తం 13 పేజీలు. జీరా పాఠాల వీడియోలు గంటల తరబడి చూసేవాళ్లలో ఈ 13 పేజీలు చదివినవాళ్లు తక్కువే ఉంటారు.

ఈ కలయికలకే టైమంతా పోతుందన్న ఫిర్యాదు వినపడుతుంటుంది కాబట్టి లెక్క వేసి చూద్దాం. రెండు వారాల స్ప్రింటుకు ప్లానింగ్ గరిష్ఠంగా 4 గంటలు, రివ్యూ 2, రెట్రో గంటన్నర, రోజువారీవి పది పూటలు కలిపి రెండున్నర. మొత్తం పది గంటలు దాటదు. పది రోజుల పనిలో 80 గంటలుంటే ఎనిమిదో వంతు. మీ దగ్గర అంతకు మించి పోతుంటే స్టాండప్ (ఆ రోజువారీ కలయిక) 15 నిమిషాల దగ్గర ఆగడం లేదని అర్థం.

ఇక బోర్డు. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు టీము తనే చూసుకునే రకమా, కంపెనీ మొత్తానికి ఒకే అమరికా అని అడుగుతుంది. చిన్న టీము మొదటిదే తీసుకోవాలి. రెండోది ఎంచుకుంటే ఒక కాలమ్ కలపడానికి కూడా సెట్టింగుల పేజీలు తిరగాలి. ఎంచుకున్నాక మూడు కాలమ్‌లతో బోర్డు ప్రత్యక్షమవుతుంది: చేయాల్సినవి, జరుగుతున్నవి, అయిపోయినవి. చూడ్డానికి బాగుంటుంది. అసలు తప్పు ఇక్కడే మొదలవుతుంది.

మూడు కాలమ్‌ల బోర్డు మీద ఎదురుచూపు కనపడదు. డెవలపర్ కోడ్ రాయడం మంగళవారమే ముగించాడు, టెస్టర్ చేతికి శుక్రవారం వెళ్లింది. ఆ మూడు రోజులూ ఆ పని తాలూకు కార్డు "జరుగుతున్నవి"లోనే కూర్చుని ఉంటుంది, జరిగేదేమీ ఉండదు. చిన్న టీముల్లో ఆలస్యం ఎక్కువగా పుట్టేది ఇలాంటి ఖాళీల్లోనే. అందుకని ఐదు కాలమ్‌లు పెట్టుకోండి: చేయాల్సినవి, కోడింగ్, టెస్టింగ్‌కి సిద్ధం, టెస్టింగ్, అయిపోయినవి. మధ్యలో ఉన్న "టెస్టింగ్‌కి సిద్ధం" అనే కాలమ్ పెట్టడానికి అర నిమిషం పడుతుంది. వారం తిరక్కుండా అందులో కార్డులు గుట్ట పడితే మీ ఇబ్బంది డెవలపర్లు తక్కువ కావడం కాదు, టెస్టింగ్ తక్కువ కావడం. కొత్త డెవలపర్ని తీసుకుంటే ఆ గుట్ట ఇంకా పెరుగుతుంది.

తర్వాత పరిమితులు. కాలమ్ తల దగ్గర మూడు చుక్కలు నొక్కితే ఆ కాలమ్‌లో ఎన్ని కార్డులు ఉండొచ్చో అంకె ఇవ్వచ్చు. ఐదుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు, ఏ పని ముందో తేల్చే ఒక ప్రొడక్ట్ ఓనర్ ఉన్న టీముకు కోడింగ్‌లో 5, టెస్టింగ్‌కి సిద్ధంలో 2, టెస్టింగ్‌లో 2 పెట్టి మొదలుపెట్టవచ్చు. ఎందుకంటారా? ఒక కార్డుకు సగటున పట్టే కాలం అంటే చేతిలో ఉన్న కార్డుల సంఖ్యను వారానికి ముగిసే సంఖ్యతో భాగించడమే. చేతిలో 12 ఉండి వారానికి 4 ముగుస్తుంటే ఒక్కోటి మూడు వారాలు తింటుంది. చేతిలో 6కి దించి, వారానికి అదే 4 ముగించగలిగితే వారంన్నర. ఎవరూ గంట ఎక్కువ కూర్చోనక్కర్లేదు.

జీరా ఇక్కడే చేతులెత్తేస్తుంది. పరిమితి దాటి ఆరో కార్డు లాగితే కాలమ్ రంగు మారుతుంది, అంతే. కార్డు మాత్రం హాయిగా వెళ్లి కూర్చుంటుంది. రంగు మారిన కాలమ్‌కి రెండు రోజుల్లో కళ్లు అలవాటు పడిపోతాయి. కాబట్టి ఆపే పని మనుషులే చేసుకోవాలి. స్టాండప్‌లో "నువ్వు నిన్న ఏం చేశావు" అని వరసగా మనుషుల్ని అడగడం మానేసి, బోర్డును కుడి నుంచి ఎడమకు చదవండి. అయిపోవడానికి దగ్గరగా ఉన్న కార్డు ముందు, అది ఎందుకు ఆగింది, ఎవరు సాయం పడితే కదులుతుంది. ఎడమ చివరికి వచ్చేసరికి టైము అయిపోయినా నష్టం లేదు, కొత్త పని ఎప్పుడైనా మొదలుపెట్టుకోవచ్చు.

కార్డు లోపల ఏం రాయాలన్నది జీరా మీకే వదిలేస్తుంది. శీర్షిక పెట్టే గడి, వివరణ రాసే గడి ఉంటాయి. ఇష్యూ అని ఇన్నేళ్లూ పిలిచినదాన్ని ఇప్పుడు వర్క్ ఐటం అంటోంది, కంగారు పడకండి, రెండూ ఒకటే. ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. మిర్చి కమిషన్ షాపుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. తేలిగ్గా కనపడే కార్డు "తక్‌పట్టీ మాడ్యూల్" (తక్‌పట్టీ అంటే సరుకు అమ్మిన రైతుకు షాపు ఇచ్చే లెక్క కాగితం). ఇలా రాస్తే ఆ కార్డు మూడు స్ప్రింటులైనా కదలదు, ఎందుకంటే అది పని కాదు, పేరు. మరో తప్పు దీన్ని అడ్డంగా కోయడం: ఈ స్ప్రింటులో డేటాబేస్, వచ్చే స్ప్రింటులో స్క్రీను, ఆ పైది ప్రింటు. మొదటి రెండు స్ప్రింటుల రివ్యూలో షాపు యజమాని షేటుకు చూపించడానికి ఏమీ ఉండదు. టేబుల్ పేర్లు చూపిస్తే ఆయన ఫోన్ చూసుకుంటాడు.

నిలువుగా కోయాలి. మొదటి కార్డు: ఒక రైతు, ఒక లాటు, ఒక రేటు, కాగితం మీద పట్టీ. రెండో కార్డు: ఒకే రైతువి రెండు మూడు లాట్లు, తేజ రకం ఒక రేటు, తాలు కాయ ఇంకో రేటు. మూడో కార్డు: అదే పట్టీ రైతు వాట్సాప్‌కి. ప్రతి కార్డూ ఎంత చిన్నదైనా షాపులో గుమస్తా చేతికి ఇచ్చి వాడించగలిగేదిగా ఉంటుంది. ఇక మొదటి కార్డు వివరణలో సరిచూసే లెక్క అంకెలతో సహా రాయాలి: 38 టిక్కీలు (మిర్చి బస్తాలు), నికర తూకం 1,596 కిలోలు, క్వింటాలు 14,000 రూపాయలు అయితే సరుకు విలువ 2,23,440 రావాలి, కోతలు ఏ పద్దు కింద ఎంత పోయాయో విడివిడిగా కనపడాలి, తూకం గడి ఖాళీగా ఉంటే పట్టీ ప్రింటు కాకూడదు. ఈ మూడు వాక్యాలుంటే టెస్టర్ డెవలపర్ని అడగనక్కర్లేదు, డెవలపర్ గుంటూరుకు ఫోన్ చేయనక్కర్లేదు. కార్డు తెలుగులో రాసుకుంటే ఇంకా మంచిది. టిక్కీని ఇంగ్లీషులో బ్యాగ్ అని రాశారంటే ఖాళీ సంచి బరువు తీసేయాలా వద్దా అన్న గొడవ ఎక్కడో ఒకచోట తేలుతుంది.

"అయిపోయింది" అంటే ఏమిటో కూడా ఒకసారి కూర్చుని రాసుకోవాలి. కోడ్ ఇంకొకరు చూశారు, టెస్టర్ సరే అన్నాడు, టెస్ట్ సర్వర్ మీద ఉంది, షాపులో వాడే ప్రింటర్ లాంటి దాని మీదే పట్టీ తీసి చూశారు. నాలుగు గీతలు చాలు. నమూనా కార్డు ఒకటి తయారు చేసి ఈ నాలుగూ అందులో పెట్టి, కొత్త కార్డు కావాల్సినప్పుడల్లా దాన్ని క్లోన్ చేసుకుంటే మర్చిపోవడం ఉండదు. ఇది లేని టీముల్లో "అయిపోయింది సార్, కాకపోతే ప్రింటింగ్ ఒక్కటి" అనే మాట తెగ వినపడుతుంది. ఆ ఒక్కటే ఒక్కోసారి నాలుగు రోజులు.

అంచనాల దగ్గర ఒక ఉచ్చు ఉంది, చాలామంది పడతారు. స్ప్రింటుకు ఎంత పని అవుతోందో చూపే జీరా వెలాసిటీ పటంలో రెండు కడ్డీలుంటాయి: ఒప్పుకున్నది, చేసింది. ఒప్పుకున్నది ఎంతో స్ప్రింటు స్టార్ట్ బటన్ నొక్కిన క్షణానికి కార్డుల మీదున్న పాయింట్లను (పని ఎంత పెద్దదో చెప్పే అంచనా అంకెలను) బట్టి తీసుకుంటుంది. ముందు స్ప్రింటు మొదలుపెట్టి, టీ తాగొచ్చి, తర్వాత తీరిగ్గా పాయింట్లు వేశారనుకోండి. ఒప్పుకున్నది సున్నా, చేసింది ఇరవై మూడు అని చూపిస్తుంది. తర్వాత దిద్దినా ఆ కడ్డీ మారదు. మధ్యలో కొత్త కార్డు చేర్చినా అంతే, మిగిలిన పని చూపే బర్న్‌డౌన్ గీత కిందికి దిగాల్సింది పోయి మెట్టులా పైకి లేస్తుంది. అది లోపం కాదు, నిజం చెప్తోంది. రాత్రి తొమ్మిదింటి ఫోన్ కాల్ బరువు ఎంతో ఆ మెట్టులో కనపడుతుంది, దాన్ని రివ్యూలో క్లయింటుకే చూపించండి. పాయింట్లు కార్డు స్థాయిలోనే వేయండి, సబ్‌టాస్కులకు పంచితే లెక్క కలవదు. స్ప్రింటు ముగిసేసరికి మిగిలిపోయిన కార్డుకు "ఎనభై శాతం అయింది" అని సగం పాయింట్లు రాసుకోవద్దు. జీరా దాన్ని బ్యాక్‌లాగ్‌కి (ఇంకా చేయాల్సిన పనుల జాబితాకి) పంపాలా, తర్వాతి స్ప్రింటుకా అని అడుగుతుంది. ఆలోచించకుండా తర్వాతిదానికి తోసేయడం అలవాటైతే ఆ కార్డు బాకీ పద్దులా తిరుగుతూనే ఉంటుంది.

పాయింట్లు వేసేటప్పుడు మన ఆఫీసుల్లో వచ్చే ఇబ్బంది వేరు. సీనియర్ "ఇది మూడు" అనగానే చుట్టూ ఉన్న ఆరుగురికీ అది మూడే అయిపోతుంది. అందుకే 1, 2, 3, 5, 8, 13 చీటీలు అందరి చేతికీ ఇచ్చి ఒకేసారి తిప్పించాలి. ఒకరు 3, ఇంకొకరు 13 చూపిస్తే ఆ ఇద్దరే మాట్లాడాలి. పదమూడు వేసిన పిల్లాడికి పాత ప్రింటర్ డ్రైవర్ సంగతి తెలిసి ఉండొచ్చు. రెట్రో కూడా అంతే. "చెప్పండమ్మా, ఏం ఇబ్బంది" అని సార్ అడిగితే ఎవరూ నోరు విప్పరు. మొదటి ఐదు నిమిషాలు మౌనంగా చీటీల మీద రాయించి, కలిపి, చదవాలి. ఈ రెండు పనులకూ జీరా అక్కర్లేదు, ఏలూరు రోడ్డులో స్టేషనరీ షాపుకు వెళ్తే సరిపోతుంది.

ఆ మాటకొస్తే గోడ బోర్డుకూ దీనికీ పోటీ పెట్టి చూడాల్సిందే. నాలుగడుగుల వైట్‌బోర్డు, మూడు అంగుళాల స్టిక్కీ నోట్సు, మార్కర్లు. టీమంతా ఒకే గదిలో ఉంటే మొదటి రెండు మూడు స్ప్రింటులకు గోడదే పైచేయి. కోడింగ్ కాలమ్‌లో ఐదు చీటీలకే చోటు గీస్తే ఆరోదానికి నిజంగానే చోటుండదు. జీరా చేయలేని ఆపడాన్ని నాలుగు గీతలు చేసిపెడతాయి. లోపం బెజవాడ వాతావరణమే. మే నెల ఫ్యాను గాలికి చీటీలు రాలి, ఊడ్చే ఆమె చేటలోకి పోతాయి. నోటును కింది నుంచి పైకి లాగకుండా పక్క నుంచి లాగి ఊడదీస్తే అంచు వంకర తిరగదు, గాలి పట్టదు. సాయంత్రం ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. టీములో ఒకరైనా గన్నవరం నుంచో ఇంటి నుంచో పని చేయడం మొదలయ్యాక మాత్రం గోడ పనికిరాదు. ఆ రోజే జీరాకు మారండి, కాలమ్‌లూ పరిమితులూ గోడ మీద కుదిరినవే దించుకోండి.

స్ప్రింటు తేదీలు జీరా ఎలా ఇస్తే అలా పెట్టేయొద్దు. మొదలుపెట్టే రోజు సోమవారం, ముగింపు శుక్రవారం అన్నది అందరికీ అలవాటు. మిర్చి యార్డు క్లయింటుకు ఇది కుదరదు. వారాంతపు సెలవుల తర్వాత సోమవారం యార్డుకు సరుకు పోటెత్తుతుంది. శుక్రవారం సాయంత్రం కొత్త వెర్షన్ ఎక్కిస్తే దాని మొదటి పరీక్ష ఆ రద్దీలోనే జరుగుతుంది, బుర్ర తినేది మీదే. బుధవారం మొదలుపెట్టి రెండో మంగళవారం మూసే స్ప్రింటు మేలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజను నడిచేటప్పుడు షేటు రివ్యూకు రాడు. ఆ మూడు నెలలూ ఆయన షాపులోనే అరగంట నిలబడి చూపించి రావడం తప్ప దారి లేదు. పెద్ద మార్పులు ఏవైనా యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు.

"అంతా ఎప్పటికి అయిపోతుందో తేదీ చెప్పండి, రేటు చెప్పండి" అనే క్లయింటుకు ఎజైల్ గురించి ఉపన్యాసం ఇవ్వకండి. తేదీ ఇవ్వండి, డబ్బు చెప్పండి, పనుల వరస మాత్రం ఆయన చేతే బ్యాక్‌లాగ్‌లో పైకీ కిందికీ జరిపించండి. తేదీకి పై వరసలు అయి తీరతాయి, అడుగునవి మిగలొచ్చు. బ్యాక్‌లాగ్‌లో కార్డును వేలితో లాగి పైకి పెట్టడం జీరాలో చాలా హాయిగా ఉంటుంది. ఈ ఒక్క స్క్రీను కోసమైనా దాన్ని వాడొచ్చు.

ఇక ఉచితంలో ఏది ఎంత. పది మంది వాడుకోవచ్చు. నిల్వ 2 జీబీ. టెస్టర్లు ప్రతి బగ్గుకూ స్క్రీన్ వీడియో జోడిస్తే, ఒక్కోటి 50 ఎంబీ చొప్పున నలభై వీడియోలకే నిండిపోతుంది, కాబట్టి వీడియో డ్రైవ్‌లో పెట్టి లింకు అతికించండి. ఆటోమేషన్ (మనం పెట్టిన నియమాల ప్రకారం జీరా తనంతట తనే పని చేయడం) నెలకు 100 సార్లే పనిచేస్తుంది, దాని మీద ఆధారపడి ఏమీ కట్టుకోవద్దు. పదకొండో మనిషి చేరిన రోజు ఆ ఒక్కరికే కాదు, పదకొండు మందికీ డబ్బు కట్టే ప్లానుకు మారాలి.

క్లయింటుకు లాగిన్ ఇచ్చినా ఆ పదిలో ఒకటి పోయినట్టే. అసలు ఇవ్వకపోవడమే క్షేమం. ఎవరికి ఏ ప్రాజెక్టు కనపడాలో విడగొట్టుకునే అనుమతుల అమరిక ఉచిత ప్లానులో లేదు. మీ దగ్గర యార్డులోని రెండు షాపుల పని ఉండి, "మా పని ఎక్కడిదాకా వచ్చిందో నేనే చూసుకుంటా" అన్న షేటుకు మర్యాదకొద్దీ లాగిన్ ఇచ్చారంటే, పక్క షాపు వాళ్లు ఏమేం చేయించుకుంటున్నారో కూడా ఆయన కూర్చున్న చోటి నుంచే చదువుకోవచ్చు.